పాలకూరా, తోటకూరా: పట్టికలో ఉన్నదెంత, ఒంటికి పట్టేదెంత?

మొన్న పొద్దున హనుమకొండ రైతుబజార్‌లో ఆకుకూరల వరుస దగ్గర నిలబడ్డాను. నా ముందున్నామె, "రక్తం తక్కువున్నదన్నరు, నాలుగు కట్టలు పాలకూర ఇయ్యి పెద్దమ్మా" అని అడిగింది. కూరలమ్మే పెద్దమ్మ కట్టలు తీస్తూనే, "పాలకూరనే ఎందుకు బిడ్డా, గీ కొయ్యగూర తీస్కపో. లేతగున్నది, దీన్ల బలం ఎక్కువ" అంది. ఆమె కాసేపు ఆగి, "ఏమో పెద్దమ్మా, ఫోన్ల పాలకూరనే అని వచ్చింది" అని పాలకూరే తీసుకుని వెళ్లిపోయింది.

మా వైపు చాలామంది కొయ్యగూర అనేది తోటకూరనే. ఆ ఇద్దరిలో ఎవరి మాట సరైందన్న ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు. తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్లలోపు పిల్లల్లో అది 70 శాతం. అంటే ఏ వాడకట్టులో చూసినా సగానికి పైగా ఇళ్లలో "ఆకుకూరలు తినండి" అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. ఏ ఆకుకూర, ఎంత, దేనితో అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఆ ఖాళీలోకి ఫోన్‌లో తిరిగే పట్టికలు వచ్చి కూర్చుంటాయి.

ఆ పట్టికల్లోని అంకెలు చాలావరకు అబద్ధాలు కావు. వాటిని చదివే పద్ధతి దగ్గరే చిక్కంతా ఉంది.

ఇంతకీ మన పాలకూర ఏ మొక్క?

మొదటి చిక్కు పేరులోనే ఉంది. ఇంగ్లీషు పుస్తకాల్లో, అమెరికా వెబ్‌సైట్లలో కనిపించే స్పినాచ్ అనే మొక్క శాస్త్రీయ నామం స్పినేసియా ఒలరేసియా. అది చలి ప్రాంతపు మొక్క. మన దగ్గర రైతులు పాలకూర అని ఎక్కువగా వేసేది వేరే మొక్క, బీటా వల్గారిస్‌లో ఒక రకం. సూటిగా చెప్పాలంటే బీట్‌రూట్‌కు సొంత చెల్లెలు. దుంప ఊరదు, ఆకు కోసం పెంచుతాం. స్పినాచ్‌ను వేరుగా గుర్తించడానికి ఉత్తరాదిలో విలాయతీ పాలక్ అంటారు. మనం తెలుగులో రెండింటినీ పాలకూర అనేస్తాం.

కాబట్టి ఫోన్‌లో వచ్చిన పట్టికలో "పాలకూర" అని ఉన్న అంకెలు చాలాసార్లు మన సంచీలోకి వచ్చిన ఆకువి కావు, దాని దాయాదివి. రెండూ దగ్గరి చుట్టాలే, పోషకాలు కూడా ఒకే తీరులో ఉంటాయి. అందుకే ఈ వ్యాసంలో నేను కూడా ఆ అంకెలే వాడతాను. అయితే దశాంశం దాకా నమ్మాల్సిన అంకెలు కావని ముందే అనుకుందాం. బచ్చలికూరను కూడా ఇంగ్లీషులో మలబార్ స్పినాచ్ అంటారు. అది అసలు ఈ కుటుంబానికే చెందదు.

ఇక తోటకూర. ఇది అమరాంథస్ జాతి. పెరుగు తోటకూర, ఎర్ర తోటకూర, కాడల కోసం పెంచే రకాలు, చేన్లో తానే మొలిచేది, ఇలా ఎన్నో ఉన్నాయి. ఇక్కడ వరంగల్ వాళ్లకు నచ్చే ఒక సంగతి ఉంది. ఇప్పటి వృక్షశాస్త్ర లెక్కలో పాలకూర, విలాయతీ పాలక్, బీట్‌రూట్, తోటకూర అన్నీ ఒకే కుటుంబం కింద ఉన్నాయి. మనం బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు, సీతజడ పువ్వు కూడా ఆ కుటుంబానివే. అంటే పోటీ పెడుతున్నది అన్నదమ్ముల పిల్లల మధ్యనే. ఈ చుట్టరికాన్ని గుర్తుపెట్టుకోవాలి, కాల్షియాన్ని కట్టేసే ఆక్సలేట్ అనే పదార్థం దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ దీనితో పని పడుతుంది.

మూడు పట్టికలు, మూడు జవాబులు

ఆహారంలో ఏముందో కొలిచి చెప్పే పట్టికలు మనకు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి వస్తాయి. ఆ సంస్థ 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. దాని పాత పట్టికలు దశాబ్దాల పాటు దేశమంతా వాడారు. మళ్లీ కొత్తగా నమూనాలు తెప్పించి, కొలిచి, 2017లో కొత్త పట్టికలు వేశారు. వీటికి తోడు అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలు ఇంటర్నెట్‌లో అందరికీ దొరుకుతాయి. ఫోన్‌లో తిరిగేవి ఈ మూడింటిలో ఏదో ఒకదాని నుంచి తీసినవే, కొన్నిసార్లు మూడూ కలిపేసినవి.

వంద గ్రాముల పచ్చి ఆకులో ఇనుము ఎంతో చూద్దాం. మన పాత పట్టికలో తోటకూరకు 3.49 మిల్లీగ్రాములు, పాలకూరకు 1.14. తోటకూర మూడు రెట్లు. 2017 పట్టికలో తోటకూరకు సుమారు 4.6, పాలకూరకు 2.95. తోటకూరదే పైచేయి, కానీ మూడు రెట్లు కాదు, ఒకటిన్నర రెట్లు. అమెరికా పట్టికలో తోటకూరకు 2.32, పాలకూరకు 2.71. ఇక్కడ పాలకూరే పైన ఉంది!

అంటే పెద్దమ్మ మాట, ఫోన్ మాట రెండింటికీ ఆధారం దొరుకుతుంది. ఏ పట్టిక ముందు పెట్టుకున్నామన్న దాన్ని బట్టి జవాబు మారిపోతోంది. ఒకే పోషకం గురించి పట్టికలు ఇలా మాట మారుస్తున్నాయంటే, ఆ తేడా గట్టిది కాదని అర్థం. నేల, రకం, ఆకు వయసు, కాడ కలిపి కొలిచారా లేదా అన్న వాటితోనే అంత మార్పు వచ్చేస్తోంది.

ఇప్పుడు కాల్షియం చూడండి. పాత పట్టికలో తోటకూర 397, పాలకూర 73. 2017లో సుమారు 330, 82. అమెరికా పట్టికలో 215, 99. అంకెలు ఊగుతున్నాయి కానీ గెలిచేది మారడం లేదు. విటమిన్ సి కూడా అంతే: 99, 28. తర్వాత 84, 30. తర్వాత 43, 28. మూడు చోట్లా తోటకూరే. ఈ రెండు విషయాల్లో పెద్దమ్మ మాట నిలుస్తుంది.

ఫోలేట్ అనే బి విటమిన్‌లో మాత్రం 2017 పట్టికలోనూ అమెరికా పట్టికలోనూ పాలకూర దాదాపు రెట్టింపు: మన లెక్కలో 142 మైక్రోగ్రాములకు 70, వాళ్ల లెక్కలో 194కు 85. విటమిన్ ఎ తయారీకి పనికొచ్చే బీటా కెరోటిన్ విషయంలో 2017 పట్టిక తోటకూరను చాలా పైన పెడుతుంది, పాత పట్టికలో కెరోటిన్ రెండింటికీ ఇంచుమించు సమానం.

పాత అంకెల గురించి ఇంకో మాట చెప్పాలి. మన పాత పట్టికల తొలి ముద్రణల్లో ఇనుము పాలకూరకు 10.9, తోటకూరకు ఏకంగా 25.5 మిల్లీగ్రాములని ఉండేది. తర్వాత సవరించి 1.14, 3.49 చేశారు. ఆకుకు అంటిన దుమ్ములో, మట్టిలో ఉండే ఇనుము కూడా కొలతలో కలిసిపోతే ఇలాంటి పెద్ద అంకెలు వస్తాయి. సవరణ జరిగి ఇన్నేళ్లయినా ఆ 25.5 ఇంకా పాఠాల్లో, పోస్టర్లలో, ఫోన్లలో తిరుగుతూనే ఉంది. నన్ను నిజంగా బాధపెట్టే సంగతి ఇదే. ఒక కట్ట తోటకూర తింటే రోజు ఐరన్ అంతా వచ్చేస్తుందని నమ్మి, ఇచ్చిన మాత్ర పక్కన పెట్టేసే గర్భిణి ఉంటే, ఆ పాత అంకెకు కూడా అందులో భాగం ఉంటుంది.

పాలకూర మీద ఇలాంటిదే ఒక ప్రపంచ ప్రసిద్ధ కథ ఉంది. 1870లలో ఒక జర్మన్ శాస్త్రవేత్త దశాంశ బిందువు తప్పుగా పెట్టడం వల్ల పాలకూరలో ఇనుము పదింతలుగా ప్రచారమైందని అంటారు. 2010లో మైక్ సట్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఆ కథ మూలం వెతుక్కుంటూ వెళితే, అలాంటి బిందువు పొరపాటు జరిగినట్టు ఆధారమే దొరకలేదు. తప్పు అంకెను సరిదిద్దడానికి చెప్పే కథే తప్పని తేలింది.

తేడాలో నీళ్ల వాటా

ఆకుకూర అంటే ముఖ్యంగా నీళ్లు. 2017 పట్టిక ప్రకారం వంద గ్రాముల పాలకూరలో 90 గ్రాములు నీళ్లే. తోటకూరలో దాదాపు 86. నాలుగు గ్రాముల తేడా ఏపాటిది అనిపిస్తుంది. కానీ మిగిలిన గట్టి పదార్థం చూడండి. పాలకూరలో 10 గ్రాములు, తోటకూరలో 14. అంటే తోటకూరలో పదార్థమే 40 శాతం ఎక్కువ. దానిలో ఉండే ప్రతి పోషకం ఆ మేరకు ఎక్కువ కనిపించడం సహజం.

నీళ్లు తీసేసి లెక్క కట్టి చూద్దాం. ఇనుము: తోటకూరలో 4.6ను 14తో భాగిస్తే గ్రాముకు 0.33. పాలకూరలో 2.95ను 10తో భాగిస్తే 0.30. దాదాపు సమానం! ఇనుములో తోటకూర గెలుపు చాలావరకు నీళ్లు తక్కువ ఉండడం వల్ల వచ్చిందే. కాల్షియం: 330ను 14తో భాగిస్తే 23 దాటుతుంది, 82ను 10తో భాగిస్తే 8. ఇది నీళ్లతో పోయే తేడా కాదు, మొక్క స్వభావంలోనే ఉంది.

వంటింట్లో దీనికి ఒక అర్థముంది. పెద్ద గిన్నెడు పాలకూర పొయ్యి మీద పెడితే గుప్పెడు అవుతుంది. కంచంలో పడేది గరిటెలతో కొలుస్తాం, పట్టిక పచ్చి ఆకు గ్రాములతో కొలుస్తుంది. దానికి తోడు కాడల సంగతి. తోటకూర కట్టలో ముదురు కాడ బరువు బాగానే ఉంటుంది, పట్టికలోని అంకెలు ఆకువి. ఒక కట్ట 250 గ్రాములు తూగిందనుకుందాం, వేర్లు, ముదురు కాడలు తీసేశాక 150 గ్రాములు మిగిలితే మన లెక్క ఆ 150కే వర్తిస్తుంది. కాడలు పులుసులో వేసుకుంటే అది వేరే లెక్క. కాడలో పీచు ఉంటుంది కానీ ఇనుము, విటమిన్లు ఆకులోనే ఎక్కువ.

తిన్న ఇనుములో ఒంటికి పట్టేది

ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ కంచంలోకి వచ్చిన అంకెలు. పేగుల నుంచి రక్తంలోకి దాటేది వేరే అంకె. మనవాళ్లు "తిన్నది ఒంటికి పట్టాలి" అంటారు, పోషకాహార శాస్త్రంలో సగం ఆ మాటలోనే ఉంది.

మాంసంలో, కాలేయంలో ఉండే ఇనుములో ఒక భాగం హీమ్ రూపంలో ఉంటుంది, అది తేలిగ్గా దాటుతుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో, ధాన్యాల్లో ఉండేది ఆ రూపం కాదు. అది పక్కన ఏముందో చూసుకుని దాటుతుంది. అన్నం, జొన్న రొట్టె, మక్క గట్క లాంటి ధాన్యపు తిండిలోని ఫైటేట్లు దాన్ని పట్టి ఆపుతాయి. టీలోని టానిన్లు ఇంకా గట్టిగా ఆపుతాయి. విటమిన్ సి దాన్ని విడిపించి దాటిస్తుంది.

ఒక లెక్క వేద్దాం. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం ఒక వయోజన మహిళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. మన తిండిలో ఇనుము 8 శాతం మాత్రమే ఒంటికి పడుతుందనే అంచనాతో వేసిన అంకె అది. అంటే నిజంగా రక్తంలోకి చేరాల్సింది సుమారు 2.3 మిల్లీగ్రాములు. వంద గ్రాముల తోటకూర నుంచి అదే 8 శాతం చొప్పున చేరేది 0.37. పాలకూర నుంచి 0.24. రెండింటి మధ్య తేడా 0.13 మిల్లీగ్రాములు.

ఇప్పుడు కూర మార్చకుండా పక్కనున్నవి మార్చి చూద్దాం. ఒక పూట భోజనం మొత్తంలో, అంటే అన్నం, పప్పు, కూర కలిపి 8 మిల్లీగ్రాముల ఇనుము ఉందనుకుందాం. ఏ సాయమూ లేకుండా 5 శాతం పడితే 0.4. భోజనంలో నిమ్మకాయ పిండుకున్నాం, అది 10 శాతమైందనుకుంటే 0.8. తినగానే టీ తాగాం, 2.5 శాతానికి పడిపోయిందనుకుంటే 0.2. ఈ శాతాలు ఉదాహరణ కోసం తీసుకున్నవే అయినా, విటమిన్ సి ఉంటే శోషణ రెట్టింపు కావడం, టీ వల్ల సగానికి పైగా తగ్గడం పరిశోధనల్లో చాలాసార్లు కనిపించినవే. నిమ్మకాయకూ టీకీ మధ్య తేడా 0.6 మిల్లీగ్రాములు. తోటకూరకూ పాలకూరకూ మధ్య తేడా 0.13.

అందుకే "ఏ ఆకులో ఐరన్ ఎక్కువ" అన్న ప్రశ్న మీద అంత గొడవ అక్కర్లేదని నా అభిప్రాయం. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు ఉన్న ఇంట్లో పాలకూర తెచ్చారా తోటకూర తెచ్చారా అన్నదానికన్నా ఆ టీ గంట తర్వాత తాగారా అన్నదే పెద్ద విషయం.

ఇక రక్తహీనత ఇప్పటికే ఉన్నవాళ్ల సంగతి. ప్రభుత్వ కార్యక్రమంలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆ 60 మిల్లీగ్రాములు ఆకుకూరతోనే రావాలంటే తోటకూర 1.3 కిలోలు, పాలకూర 2 కిలోలు కావాలి, రోజూ. రైతుబజార్‌లో నా ముందు నిలబడ్డామె నాలుగు కట్టలు కొనింది. అవి మంచి తిండి, కానీ మాత్రకు బదులు కాలేవు. రక్తం తగ్గడానికి నులిపురుగులు, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం, బి12 లోపం లాంటి కారణాలుంటే ఆకుకూర ఎంత తిన్నా అసలు సమస్య అలాగే ఉంటుంది. గర్భిణి కాని మహిళలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే, గర్భిణిలో 11 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. ఎందుకు తగ్గిందన్నది ఆ అంకె ఒక్కటే చెప్పదు.

ఆక్సలేట్: కాల్షియాన్ని కట్టేసే తాడు

కాల్షియంలో తోటకూర పైచేయి మొక్క స్వభావంలోనే ఉందని చూశాం. అయితే ఇక్కడ కూడా ఒంటికి పట్టే లెక్క అడ్డం వస్తుంది. పైన చెప్పుకున్న చుట్టరికం పని ఇక్కడే. ఈ కుటుంబంలో చాలా మొక్కలకు ఆక్సలేట్ ఎక్కువ. పాలకూర తిన్నాక పళ్ల మీద గరగరలాడినట్టు అనిపిస్తుంది కదా, అది చాలావరకు దీని వల్లే.

ఆక్సలేట్ కాల్షియాన్ని గట్టిగా పట్టుకుంటుంది. రసాయన లెక్కలో ఒక వంతు కాల్షియాన్ని కట్టేయడానికి సుమారు 2.2 వంతుల ఆక్సలేట్ చాలు. పాలకూరలో ఉన్న 82 మిల్లీగ్రాముల కాల్షియానికి 180 మిల్లీగ్రాముల ఆక్సలేట్ సరిపోతుంది. కానీ వంద గ్రాముల పాలకూరలో ఆక్సలేట్ సాధారణంగా 600 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. ఉన్న కాల్షియాన్నంతా కట్టేసి ఇంకా బోలెడు మిగులుతుంది. 1988లో అమెరికాలో మనుషుల మీద చేసిన ఒక అధ్యయనంలో పాలలోని కాల్షియం 27 శాతం దాకా ఒంటికి పడితే, పాలకూరలోది 5 శాతమే పట్టింది.

తోటకూరలో కూడా ఆక్సలేట్ తక్కువేం కాదు, పాలకూర స్థాయిలోనే ఉంటుంది, రకాన్ని బట్టి మారుతుంది. కాకపోతే దాని దగ్గర కాల్షియం కూడా చాలా ఉంది. ఎంత జాగ్రత్తగా లెక్క వేసినా, తోటకూరకు కూడా అదే 5 శాతం ఇచ్చినా, 330లో 16 మిల్లీగ్రాములు ఒంటికి పడతాయి. పాలకూర నుంచి 4. పెద్దమ్మ మాట మళ్లీ నిలిచింది. మరి పాలు? అంగన్‌వాడీలో తెలంగాణ ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు ఇచ్చే 200 మిల్లీలీటర్ల పాలలో సుమారు 240 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. దానిలో 27 శాతం అంటే 65. "తోటకూరలో పాలకన్నా రెండింతలు కాల్షియం" అన్న మాట గ్రాముకు గ్రాము పట్టికలో నిజమే, ఎముక దగ్గరికి వచ్చేసరికి తలకిందులవుతుంది.

ఈ ఆక్సలేట్ ఇనుమును కూడా ఆపుతుందా? దీని మీద రెండు వాదనలున్నాయి. ఆపుతుందన్నది పాతకాలం నుంచి పాఠాల్లో ఉన్న మాట. 2008లో వచ్చిన ఒక స్విస్ అధ్యయనం మాత్రం, ఆక్సలేట్ చాలా తక్కువ ఉండే కేల్ (క్యాబేజీ జాతి ఆకుకూర) ఆకుకు కావాలని ఆక్సలేట్ కలిపి పెట్టినా ఇనుము శోషణ తగ్గలేదని చూపింది. పాలకూరతో పెట్టిన భోజనంలో ఇనుము కొంత తక్కువే పట్టింది కానీ దానికి పాలిఫెనాల్స్ (టానిన్ల లాంటి పదార్థాలు), కాల్షియం కారణం కావచ్చని ఆ పరిశోధకులు అన్నారు. చిన్న అధ్యయనమే అయినా నేరుగా మనుషుల మీద చూసింది కాబట్టి నాకు దాని మాటే బలంగా అనిపిస్తుంది. ఇనుము విషయంలో అన్ని నిందలూ ఆక్సలేట్ మీద వేయడం సరికాదు.

పాలకూర టమాటా, కిడ్నీలో రాళ్లు

మా ఇళ్లలో పాలకూర టమాటా కలిపి వండొద్దనే మాట చాలా బలంగా ఉంది. కలిపి తింటే కిడ్నీలో రాళ్లు వస్తాయని. దీనిలో సగం నిజం, సగం పొరపాటు.

నిజమైన సగం ఇది. కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్ రాళ్లే. ఒంట్లోకి దాటిన ఆక్సలేట్ మూత్రంలోకి వస్తుంది. ఒకసారి అలాంటి రాయి వచ్చినవాళ్లకు డాక్టర్లు పాలకూర తగ్గించమని చెప్పడానికి కారణం అదే. వాళ్ల విషయంలో తోటకూర కూడా సురక్షితమైన బదులు కాదు, రెండూ ఒక తాను గుడ్డలే.

పొరపాటు సగం టమాటా మీద నింద. టమాటాలో ఆక్సలేట్ చాలా తక్కువ. కూరలోని ఆక్సలేట్ అంతా ఇంచుమించు పాలకూరదే, టమాటా వేసినా వేయకపోయినా అది అంతే ఉంటుంది. పైగా టమాటాలోని పులుపు, విటమిన్ సి ఇనుముకు సాయం చేస్తాయి. రాళ్ల భయం లేని ఇంట్లో పాలకూర టమాటా పప్పును దూరం పెట్టడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

మన భోజనంలో పెరుగు చివర్న వస్తుంది కదా, అది ఇక్కడ అక్కరకొస్తుంది. పెరుగులోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుంటే అది రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీలోకి వెళ్లేది తగ్గుతుంది. రాళ్ల భయంతో కాల్షియం మానేయడం అందుకే తిరగబడుతుంది.

పొయ్యి మీద ఏమవుతుంది

ఉడికించి నీళ్లు పారబోస్తే ఆక్సలేట్‌లో నీటిలో కరిగే భాగం బాగా తగ్గుతుంది. ఆ నీళ్లతోనే విటమిన్ సి, ఫోలేట్ కూడా వెళ్లిపోతాయి. కాబట్టి రాళ్ల భయం ఉన్న మనిషికి లాభమైన పద్ధతే, ఫోలేట్ కావాల్సిన గర్భిణికి నష్టం. గర్భిణికి రోజుకు 570 మైక్రోగ్రాముల ఫోలేట్ కావాలని లెక్క. ఆ ఒక్క విషయంలో పాలకూరకు ఉన్న ఆధిక్యం నిజంగా పనికొచ్చేది, ఉడికిన నీళ్లు పప్పులోనే ఉంటేనే.

తోటకూర విటమిన్ సి కూడా వేపుడులో చాలావరకు పోతుంది. అందుకే పట్టికలోని 84ను చూసి నిమ్మకాయ అక్కర్లేదనుకోలేం. వేపుడుకు ఇంకో మంచి గుణముంది. బీటా కెరోటిన్ నూనెలోనే కరుగుతుంది, కాబట్టి నూనెతో పోపు పెట్టిన కూర నుంచి అది బాగా అందుతుంది. ఇనుప కడాయిలో వండితే, ముఖ్యంగా చింతపండో టమాటానో పడితే, కడాయి నుంచి కూడా కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. మన అమ్మమ్మల ఇనుప మూకుళ్లను నాన్‌స్టిక్ గిన్నెలు అటక మీదకు పంపేశాయి. పాలకూరకూ తోటకూరకూ మధ్య తేడా కన్నా ఆ మార్పే ఇనుము లెక్కలో పెద్దది కావచ్చు.

రక్తం పలుచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్ల సంగతి పూర్తిగా వేరు. వాళ్లకు లెక్కలోకి వచ్చేది విటమిన్ కె. అమెరికా పట్టికలో వంద గ్రాముల పాలకూరలో 483 మైక్రోగ్రాములు ఉంటే తోటకూరలో 1,140 ఉన్నాయి. విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. రోజూ పాలకూర తినే అలవాటుకు తగ్గట్టు మందు మోతాదు కుదిరాక, బలం ఎక్కువని విని ఒక్కసారిగా రోజూ తోటకూరకు మారితే ఆ కుదురు చెడిపోతుంది. గుండె కవాటం ఆపరేషన్ అయినవాళ్లు ఇంట్లో ఉంటే ఇది తెలిసి ఉండాల్సిన సంగతి.

ఎండాకాలం పెట్టే పోటీ

పట్టికల్లో కనిపించని తేడా ఒకటుంది. పాలకూర చల్లదనం కోరే పంట. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మన దగ్గర వచ్చే పాలకూర వెడల్పు ఆకుతో, లేతగా ఉంటుంది. ఏప్రిల్, మేలో వరంగల్ ఎండ 40 డిగ్రీలు దాటాక అది ముదిరిపోతుంది, పూతకొస్తుంది, కట్ట తడిపి గోనెపట్టా కప్పినా పొద్దెక్కేసరికి వాడిపోతుంది. వాడిన ఆకులో ముందుగా తగ్గేది విటమిన్ సి, ఫోలేట్ లాంటివే. పాలకూరకున్న ఆ ఫోలేట్ ఆధిక్యం పట్టికలో ఉన్నంత బలంగా మే నెల మధ్యాహ్నపు కట్టలో ఉండదు.

తోటకూర జొన్న, మక్క లాగా ఎండను వాడుకోవడం తెలిసిన మొక్క. వృక్షశాస్త్రంలో సీ4 మొక్కలంటారు, ఎండ, వేడి ఎక్కువున్నా తక్కువ నీటితో ఆహారం తయారుచేసుకోగలవి. విత్తిన నెల లోపే కోతకు వస్తుంది, మడి ఖాళీ కాగానే మళ్లీ చల్లుకోవచ్చు. రైతుబజార్‌లో ఎండాకాలం ఆకుకూరల వరుసలో ఇది తాజాగా దొరకడానికి, పెద్దమ్మ దాన్ని అంత ధీమాగా ముందుకు నెట్టడానికి కారణం అదే.

ఆ రోజు నేను ఒక కట్ట పాలకూర, రెండు కట్టల కొయ్యగూర తీసుకున్నాను. పాలకూర పెసరపప్పులోకి, నీళ్లు పారబోయకుండా. కొయ్యగూర వెల్లుల్లిపాయ వేసి వేపుడు. నిమ్మకాయలు పక్క వరుసలో ఉన్నాయి.